మేనేజర్ గారి గురగుర

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. నా పక్కనే కూర్చున్న మనిషికి బాధగా ఉంటే, ఆ సంగతి నాకు తెలియకుండా పోతుందేమోనని.

దొంగల భయానికి తాళం ఉంది. చీకటి భయానికి లైటు ఉంది. దీనికి మాత్రం తాళమూ లేదు, స్విచ్చూ లేదు.

మా పాప ఏడిస్తే నాకు హాయి. ఏడ్చిందంటే ఏదో కావాలని అర్థం. అదేదో చూసిపెడితే సరిపోతుంది. బోసినోటితో నవ్వుతూ కాళ్ళాడిస్తూ పడుకుందనుకోండి, అప్పుడే వెళ్ళి నుదురు తాకి చూస్తాను. పొట్ట నొక్కి చూస్తాను. చెవుల వెనక చూస్తాను.

"నవ్వే పిల్లకి జ్వరమేంటి తల్లీ?" అంటారు మా ఆయన.

"నవ్వుతోంది కాబట్టే చూస్తున్నా" అంటాను.

ఆ మాటతో ఆయన నోరు మూసుకుంటారు. ఎందుకంటే ఆయన నాకు దక్కింది కూడా ఇలాంటి కంగారు వల్లే. కంగారు నాది, పుణ్యం ఒక పిల్లిది.

అప్పట్లో నేను యూనిఫాంలు కుట్టే షాపులో పనిచేసేదాన్ని. తొమ్మిదో క్లాసు మధ్యలో బడి మానేశాక చేతికొచ్చిన పని అదొక్కటే. పొడవాటి గది, వీధివైపు పెద్ద కిటికీ, కిటికీ వారగా వరసగా మిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల. షాపు మాస్టరుది. ఆయన గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీయడం అయ్యేదాకా నోరు విప్పరు, గీత అయ్యాక నోరు మూయరు. కాజాలూ గుండీలూ చూసేది ఒక అక్క. ఆవిడ్ని అందరం కాజాలక్క అనేవాళ్ళం. నాకు వాళ్ళు పెట్టిన పేరు కంగారు.

"కంగారూ, ఆ చొక్కా చేతులు ఇలా అందివ్వు."

"కంగారూ, టీ తాగుతావా? కప్పు పగుల్తుందేమోనని భయమా?"

ఇక నాలుగో ఉద్యోగి మేనేజర్. బూడిదరంగు పిల్లి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి బల్లెక్కి కూర్చునేది. అందరి పనీ ఒక కంట చూసి, నచ్చనట్టు ఆవలించి, తర్వాత నా మిషన్ కింద గుడ్డ ముక్కల బుట్టలో దూరి పడుకునేది. పని లేదు, జీతం పాలు, ఎవరూ ఏమీ అనకూడదు. ఇంకేం పేరు పెడతాం మరి?

ఆ రోజు వాన. హోటల్ వాళ్ళ తెల్లకోట్లు సాయంత్రానికి డెలివరీ ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే నా మిషన్ కుట్లు వదిలేయడం మొదలుపెట్టింది. రెండు కుట్లు పడితే మూడోది ఎగిరిపోతోంది. మాస్టరు మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఎప్పుడూ వచ్చే పెద్దాయనకి బదులు ఒక కుర్రాడొచ్చాడు. గొడుగు టూల్‌బ్యాగ్‌కి పట్టి, తను నిలువునా తడిసిపోయి వచ్చాడు.

"బ్యాగ్‌కి జలుబు చేస్తుందనా?" అంది కాజాలక్క.

"నేను తడిస్తే ఆరతాను అక్కా. ఇవి తడిస్తే తుప్పు పడతాయి" అన్నాడు. అని నా మిషన్ దగ్గరకొచ్చి చెవి ఆనించాడు. "ఒకసారి నడపండి."

"కుట్లు వదిలేస్తోందండీ. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నం నుంచి ఇలా..."

"ఒక్క నిమిషం మాట్లాడకండి. వినాలి."

నాకు ఒళ్ళు మండింది. నా మిషన్ సంగతి నేను చెప్తానంటే వినడట, మిషన్ చెప్తేనే వింటాడట.

కళ్ళు మూసుకుని విన్నాడు. మొహం సీరియస్‌గా పెట్టాడు. "మోటారు. బేరింగ్ పోయింది. గురగురమంటోంది, వినిపించట్లా?"

నాకేం వినిపించలేదు. వానకి ఏం వినిపిస్తుంది?

విప్పాడు. బెల్టు తీశాడు, మోటారు దించాడు, బేరింగ్ తుడిచాడు, ఆయిల్ పోశాడు. పనిలో పనిగా మిషన్ తల కూడా తిరగేసి లోపలున్నవన్నీ పేపరు మీద పరిచాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నోరు మూసుకునే గొంతులోంచి ఏదో సన్నగా పాడుతూనే ఉన్నాడు. అది ఏ పాటో ఎవరికీ తెలియదు. ఊఁ ఊఁ ఊఁ అని ఒకటే రాగం. నేనేమో గోడ మీద గడియారాన్నీ, పేపరు మీద నా మిషన్నీ మార్చి మార్చి చూస్తున్నా.

మళ్ళీ అంతా బిగించి స్విచ్ వేశాడు. చెవి పెట్టాడు. మొహం వాడిపోయింది.

"ఇంకా గురగురమంటోందే!"

స్విచ్ ఆపాడు. గురగుర. ప్లగ్ పీకేశాడు. గురగుర.

"కరెంటు లేకుండా తిరుగుతోందేంటి మీ మోటారు?" అన్నాడు, నిజంగా భయపడి.

నేను కిందకి వంగి బుట్ట బయటికి లాగాను. తెల్ల గుడ్డముక్కల మధ్య మేనేజర్ వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, పొట్ట ఊపుకుంటూ హాయిగా గురగురమంటోంది.

కాజాలక్క నవ్వు మొదలైంది. ఆవిడ నవ్విందంటే పక్క షాపు వాళ్ళు కూడా వచ్చి చూస్తారు.

"బేరింగ్ బాగుందా బాబూ?" అన్నారు మాస్టరు.

నేను మాత్రం నవ్వలేదు. "సూది మార్చి చూశారా?" అన్నాను.

అతను సూది తీసి, వేలి మీద గీసి చూసుకున్నాడు. మొన అరిగిపోయింది. కొత్తది వేస్తుంటే అతని చెవులు ఎర్రగా అయిపోయాయి. కుట్లు చక్కగా పడ్డాయి.

"సారీ అండీ" అన్నాడు చివరికి. "ఇక నుంచి గురగురమనేదాన్ని దేన్నీ విప్పను. ఒట్టు."

ఆ ఒట్టు మా షాపులో రూల్ అయిపోయింది. ఏ మిషన్ గురించి నేను కంగారుపడినా కాజాలక్క అదే మాట అనేది. "గురగురమంటోందా? అయితే బాగున్నట్టే. విప్పకు."

ఆ తర్వాత నా మిషన్ తరచుగా చెడిపోవడం మొదలుపెట్టింది.

అందులో మిషన్ తప్పేం లేదు పాపం. ఒకసారి బాబిన్ దగ్గర స్క్రూ వదులైంది. ఇంకోసారి బెల్టు జారింది. గుడ్డని నొక్కిపట్టే పాదం వంకరపోయింది. ప్రతిసారీ అతనే వచ్చేవాడు, గొడుగు బ్యాగ్‌కి పట్టుకుని.

"ఈ స్క్రూ దానంతటది ఊడదండీ" అన్నాడొకసారి, దాన్ని వెలుగులో పెట్టి చూస్తూ.

"మా మిషన్‌కి కంగారు ఎక్కువ" అన్నాను.

"ఎవరి దగ్గర నేర్చుకుందో?"

"వింటే మిషన్లే చెప్తాయి కదా మీకు. అడగండి."

అతను నిజంగానే చెవి ఆనించాడు. కాసేపు విని తలూపాడు. "టీ ఇస్తేగానీ చెప్పదట."

ఆ రోజు నుంచి అతను వస్తే టీ నా ఖాతా. కాజాలక్క నోట్లో దారం పెట్టుకుని, మా ఇద్దరినీ చూసి, దారం కొరుకుతూ "ఊఁ" అనేది. ఆ ఒక్క అక్షరంలో నా పెళ్ళి దాకా అంతా ఉండేది.

అతను పాడుతూ పనిచేసేవాడు. ఆ నోరు మూసిన పాట వినిపిస్తే షాపంతా తేలికపడేది. "ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే రేడియో కొనక్కర్లేదు" అనేవారు మాస్టరు. ఎంత సంతోషమైన మనిషో అనుకునేదాన్ని. నాలాంటిదానికి ఒక రోజు గడవాలంటే పది భయాలు దాటాలి. ఇతనికి అసలు భయమే లేదేమో అనుకునేదాన్ని. అందుకే నచ్చాడో, అందుకే నాకు అందడనుకున్నానో తెలియదు. నచ్చాడని నోరు తెరిచి మాత్రం చెప్పలేదు. నవ్వేస్తే?

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక పొద్దున, ఏ మిషనూ చెడకుండానే వచ్చాడు. మిషన్ల కంపెనీ వాళ్ళు వేరే ఊళ్ళో సర్వీస్ సెంటర్ పెడుతున్నారట, దానికి ఇతన్ని హెడ్‌గా రమ్మన్నారట. ఈ వారాంతానికి వెళ్ళిపోవాలట.

"ఎంత దూరం?" అన్నారు మాస్టరు.

"రైల్లో ఒక రాత్రి, ఒక పగలు."

అంత దూరం వెళ్తున్నానని చెప్తూ, పని లేకపోయినా నా మిషన్ మూత తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ పాడుతున్నాడు. ఊఁ ఊఁ ఊఁ. మామూలు కంటే గట్టిగా పాడుతున్నాడు.

"చూడు, ఎంత ఆనందమో. పాట ఆగట్లేదు" అన్నారు మాస్టరు.

నా గుండెలో ఏదో పుటుక్కున తెగింది. "మంచి ఉద్యోగం కదా" అన్నాను.

"అవునండీ."

"సంతోషమేగా?"

"అవునండీ." మళ్ళీ పాట. కాసేపటికి ఆపి, "మీకు?" అన్నాడు.

"నాకేంటి? నాకూ సంతోషమే."

ఇంకేముంది? ఇద్దరం మహా సంతోషంగా ఉన్నాం. అతను తుడిచిందే తుడిచాడు. నేను కుట్టిన జేబునే మళ్ళీ కుట్టాను. అది విప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

అతను వెళ్ళాల్సిన రోజుకి ముందు రోజు మేనేజర్ బల్ల ఎక్కలేదు.

పొద్దున్నే బుట్టలో ముడుచుకుని ఉంది. గిన్నెలో పాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. నేను వంగి చూశాను. గురగురమంటోంది.

"అక్కా, మేనేజర్ పాలు తాగలేదు."

"గురగురమంటోందా?"

"అంటోంది."

"అయితే బాగున్నట్టే. నిన్న ఎలకని తినుంటుంది. పని చూసుకో."

పని చూసుకోవడం నా వల్ల కాలేదు. ప్రతి కుట్టుకీ ఒకసారి వంగడం, చూడడం. గురగుర ఆగట్లేదు. అది ఎప్పుడూ నిద్రలోనే అలా అనేది. ఇప్పుడు కళ్ళు తెరుచుకుని ఉంది, నన్ను చూడట్లేదు, గోడనీ చూడట్లేదు.

మధ్యాహ్నం అతను అందరికీ వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చాడు. నేను పలకరించకుండానే "ఇలా రండి, దీన్ని వినండి" అన్నాను.

అతను నేల మీద మోకాళ్ళూని, బుట్టకి చెవి ఆనించాడు. "బేరింగ్ బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు, నన్ను నవ్వించాలని.

"పాలు తాగలేదు."

"గురగురమంటోందిగా? విప్పనని ఒట్టేశాను."

"నేను ఒట్టు వెయ్యలేదు" అని దాన్ని రెండు చేతులతో ఎత్తాను. మెత్తగా వేలాడిపోయింది. గడ్డం కింద తడి. నోటి మూల నీలం దారం, గోరంత కనిపిస్తోంది.

నీలం దారం. ఆ వారం మేం కుడుతున్న ఆసుపత్రి యూనిఫాంల దారం.

"దారం మింగిందే!" అని కాజాలక్క పరిగెత్తుకొచ్చి, ఆ కొస పట్టుకుని లాగబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టేసుకున్నా. మిషన్‌లో చిక్కుకున్న దారం లాగితే ఏమవుతుందో మాకు రోజూ తెలిసిందే. పైన కొస వస్తుంది, లోపల ముడి బిగుస్తుంది. రెండోవైపు సూది ఉందేమో ఎవరికి తెలుసు?

"లాగొద్దక్కా. డాక్టరు దగ్గరికి."

మాస్టరు గుడ్డ మీద గీత సగంలో ఆపేసి తలెత్తారు. ఆయన గీత మధ్యలో మాట్లాడడం నేను అదే మొదటిసారి చూడడం. "బండి తియ్యి బాబూ" అన్నారు మెకానిక్‌తో.

వాన మళ్ళీ అందుకుంది. డెలివరీకి పెట్టిన డాక్టర్ల తెల్లకోటు ఒకటి తీసి మేనేజర్‌ని చుట్టి, గుండెకి అదుముకుని అతని బండి ఎక్కాను. అతని టూల్‌బ్యాగ్ షాపులోనే ఉండిపోయింది. ఆ గొడుగు మొదటిసారి మనుషుల మీదకొచ్చింది. గాలికి తిరగబడింది కూడా. దారి పొడుగునా కోటులోంచి గురగుర వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు నా ఎముకలకి తగులుతోంది.

"ఎలా ఉంది?" అని అరిచాడు అతను.

"గురగురమంటోంది! ఏం పర్లేదు!" అని అరిచాను, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు.

డాక్టరమ్మ దాని నోరు తెరిచి, నాలుక కింద వెలుగు పెట్టి చూసింది. దారం నాలుక మొదట్లో చుట్టుకుని, లోపలికి పోయి ఉంది. పొట్టకి ఎక్స్‌రే తీస్తే లోపల సూది కూడా కనిపించింది.

"వెంటనే కోయాలి. లాగకుండా తెచ్చారు, మంచి పని చేశారు. ఎప్పట్నుంచి బాలేదు?"

"పొద్దుట్నుంచి పాలు తాగలేదండీ. కానీ గురగురమంటూనే ఉంది. అందుకని బాగుందేమో అని..."

ఆవిడ చేతులు కడుక్కుంటూ నా వైపు చూసింది. "అందరూ అలానే అనుకుంటారమ్మా. పిల్లి హాయిగా ఉన్నా గురగురమంటుంది, నొప్పి పుట్టినా అంటుంది. భయపడ్డా అంటుంది. పిల్లల్ని కంటున్నప్పుడు కూడా అంటుంది. ఎవరూ జోకొట్టకపోతే తనని తనే జోకొట్టుకుంటుందని అంటారు."

"మరి ఏది హాయో, ఏది నొప్పో ఎలా తెలుస్తుంది?"

"గురగురని బట్టి తెలియదు. తిందా, నిద్రపోయిందా, నీ మొహం చూసిందా అని చూడాలి. నువ్వు చూశావుగా" అని తలుపు వేసుకుంది.

బయట గోడకి ఆనించి ఒక బెంచీ. ఇద్దరం కూర్చున్నాం. తెల్లకోటు నా ఒళ్ళో ఖాళీగా ఉంది. ఎదురుగా అద్దాల తలుపు, దాని మీద వాన. నాకు ఏడుపొస్తోంది. ఏడిస్తే మేనేజర్‌కి ఏదైనా అవుతుందేమోనని అదో భయం.

ఊఁ ఊఁ ఊఁ.

పక్కన పాట మొదలైంది.

నాకు మొదట కోపం వచ్చింది. లోపల దాన్ని కోస్తుంటే ఇక్కడ పాటా? తిరిగి చూశాను. అతను రెండు అరచేతులూ మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని ఉన్నాడు. తలుపు వైపు చూస్తున్నాడు, తలుపుని చూడట్లేదు. తడి జుట్టులోంచి నీళ్ళు కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోవట్లేదు. నోరు మూసే ఉంది. గొంతులో మాత్రం అదే రాగం. వెళ్ళిపోతున్నానని చెప్పిన రోజు పాడిన రాగం, అంతే గట్టిగా.

పొద్దున బుట్టలో మేనేజర్ కళ్ళు గుర్తొచ్చాయి.

"ఏవండీ."

ఊఁ ఊఁ.

"ఏవండీ, మీకిప్పుడు సంతోషంగా ఉందా?"

ఉలిక్కిపడ్డాడు. "ఏంటా ప్రశ్న? నా వల్లేగా ఇదంతా? విప్పకూడదని ఆ పిచ్చి ఒట్టు వేసింది నేను. భయంతో చస్తున్నా."

"మరి పాడుతున్నారేంటి?"

"నేనా? నేను పాడుతున్నానా?"

నిజంగానే తెలియదతనికి. నా మొహం చూసి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు, వేరే ఎవరి గొంతో అన్నట్టు.

"ఎప్పుడూ పాడతారు. మిషన్ విప్పినప్పుడు కూడా."

"విప్పితే మళ్ళీ బిగించగలనా అని ప్రతిసారీ భయమేగా" అన్నాడు. "నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఇంట్లో ఒక్కణ్ణే ఉంచి పనికి వెళ్ళేది. ఇల్లంతా నిశ్శబ్దం. ఏదో ఒక చప్పుడు ఉండాలని నేనే చేసుకునేవాణ్ణి. అది మానలేదేమో. ఎవరూ చెప్పలేదు. 'ఎంత హుషారైన కుర్రాడో' అనేవాళ్ళు. సరే, హుషారే అనుకున్నాను."

నాలో నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ భయమే లేని మనిషి అనుకున్నాను. పక్కనే కూర్చుని టీ పోసి మరీ అనుకున్నాను.

"అయితే ఆ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు కూడా..."

అతని గొంతులో ఊఁ అని మొదలైంది.

"ఆపండి" అన్నాను. "గురగురలు వద్దు. నోటితో చెప్పండి. వెళ్ళడం ఇష్టమేనా?"

"లేదు."

"మరి ఆ రోజు అవునన్నారు?"

"మీరు 'మంచి ఉద్యోగం కదా' అన్నారు. 'సంతోషమేగా' అన్నారు. వెళ్ళొద్దని ఒక్క మాట అంటారేమోనని మీ మిషన్ అంతసేపు తుడిచాను. మీరు జేబు కుట్టుకుంటున్నారు."

"ఆ జేబు రెండుసార్లు కుట్టాను!"

"ఎందుకు?"

"ఎందుకంటే... మీరు వెళ్ళిపోతే నా మిషన్ ఎవరు చూస్తారు?"

"మీ మిషన్ బాగానే ఉందండీ. షాపులో అన్నిటికంటే బాగుంది. స్క్రూలు మీరే ఊడదీస్తారని నాకు తెలుసు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో ఉన్న తెల్లకోటు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నా. దాన్నిండా పిల్లి బొచ్చు. తుమ్మొచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను కోటు వెనక నుంచి.

"మొదటి స్క్రూ నుంచి. స్క్రూ మీద స్క్రూడ్రైవర్ గీత లేదు. కత్తెర మొన గీత ఉంది." "మీరు ఊడదీసినవన్నీ నేను కొంచెం వదులుగానే బిగించాను. మళ్ళీ ఊడదీయడానికి మీకు చెయ్యి నొప్పి పుట్టకూడదని."

ఇంకెవరైనా అయితే ఈ మాటకి ఏమంటారో నాకు తెలియదు. నేను కోటు దించి, "వెళ్ళొద్దు" అన్నాను. అన్నాక భయమేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అతను తలూపాడు. మళ్ళీ మళ్ళీ ఊపాడు. తర్వాత ఊఁ ఊఁ ఊఁ అని మొదలుపెట్టి, నా చూపు చూసి ఆగాడు. "ఇది మాత్రం సంతోషానికండీ. నిజం. కావాలంటే మొహం చూసుకోండి."

చూశాను. నిజమే.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో చిన్న గిన్నె. అందులో సూది, దాని వెంట మూరెడు నీలం దారం. "ఈ సూది ఎవరిదో వాళ్ళకిచ్చేయండి. మీ మేనేజర్ బతికాడు" అంది.

"మేనేజర్ ఆడపిల్లండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అతను వెళ్ళలేదు. మాస్టరు షాపులోనే వీధివైపు మూల ఒక బల్ల వేయించి, మిషన్ల రిపేరు అక్కడే పెట్టుకోమన్నారు. "రేడియో పోతే పని సాగదు" అన్నారు. సూదులన్నిటికీ మూత డబ్బా వచ్చింది. దారం రీళ్ళు అలమరలోకి వెళ్ళాయి. మేనేజర్ పొట్ట మీద కుట్లు చూసి కాజాలక్క పెదవి విరిచింది. "కుట్టు దూరం దూరంగా వేసింది డాక్టరమ్మ. నన్నడిగితే కాజాలా కుట్టిపెట్టేదాన్ని." అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఇక మిగిలింది మా అమ్మ. ఒక మధ్యాహ్నం షాపుకే వచ్చి, అతని బల్ల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏం బాబూ, మా అమ్మాయికి కంగారు ఎక్కువ. తెలుసా?"

"తెలుసండీ."

"గ్యాస్ కట్టేశానా అని సగం దారిలో వెనక్కి వస్తుంది."

"నేను కూడా వస్తానండీ వెనక్కి."

"ఏం సంపాదిస్తావో, ఎక్కడుంటారో, అదంతా చెప్పు." అమ్మ గొంతు పెంచింది.

అతను నోరు తెరిచాడు. మాటకి బదులు ఊఁ ఊఁ ఊఁ అని పాటొచ్చింది. అమ్మ మొహం మాడ్చుకుని నా వైపు తిరిగింది.

"ఏమే, నేను పెళ్ళి మాట మాట్లాడుతుంటే పాటలు పాడతాడేంటే?"

"పాట కాదమ్మా. భయపడుతున్నాడు. నిన్ను చూసి."

"భయపడితే పాడతాడా?"

"పాడతాడు."

అమ్మ అతన్ని కింద నుంచి పైకి చూసింది. "మీ నాన్న భయపడితే అరిచేవాడు. వీధి చివరకి వినపడేది. ఇదే నయం" అంది. తర్వాత చెయ్యి చాచి, పాపం, అతని తల నిమిరింది. "ఊరుకో బాబూ. నేనేం చెయ్యనులే నిన్ను."

పాట ఆగిపోయింది.

అలా అయింది మా పెళ్ళి. ఇప్పుడు ఇంట్లో ఎప్పుడు ఆ రాగం వినిపించినా, నేను వంటగదిలోంచి "ఏది?" అంటాను. "మంచిదే" అని వినిపిస్తే వంట చూసుకుంటాను. జవాబు రాకపోతే స్టవ్ కట్టేసి వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏమీ అడగను. ఆయనే చెప్తారు. ఒక్కోసారి నేను ఊరికే తోమిన గిన్నెలే తోముతుంటే, ఆయన వచ్చి "రెండోసారి కుడుతున్నావా జేబు?" అని నా చేతిలో గిన్నె తీసుకుంటారు.

మా పాప కూడా పాలు తాగుతూ గొంతులో సన్నగా రాగం తీస్తుంది. పెళ్ళయ్యాక మాతోనే వచ్చేసిన మేనేజర్ పక్కన పడుకుని తన రాగం తను తీస్తుంది. వినడానికి ఎంత బాగుంటుందో. అయినా నేను ఇద్దరి మొహాలూ చూస్తాను.

కాజాలక్కకి ఈమధ్య చూపు తగ్గి పని మానేసింది. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటోంది. నిన్న ఫోన్ చేస్తే "నాకేంటే కంగారూ, రాణీలా ఉన్నా" అని నవ్వింది. ఆ నవ్వే, పక్క షాపు వాళ్ళు కూడా వచ్చి చూసే నవ్వు. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, తిన్నావా అని అడగలేదు. అడిగినా తిన్నాననే అనేది. ఇదిగో, పాపని ఎత్తుకుని బయల్దేరుతున్నాను. ఆవిడ గిన్నెల మూతలు తీసి నా కళ్ళతో చూస్తేగానీ కుదరదు.

మీకూ ఒకరుంటారు. ఎప్పుడు అడిగినా నవ్వుతూ "నాకేం, బాగున్నా" అనేవాళ్ళు. ఎంత బాగుంటారంటే, మీరు అడగడం కూడా మానేసి ఉంటారు. ఫోన్ చెయ్యకండి, ఫోన్‌లో అందరూ గురగురమనే అంటారు. ఈ పుస్తకం ఇక్కడే బోర్లా పెట్టి, ఒకసారి వెళ్ళి వాళ్ళ మొహం చూసి రండి.